తీగల నగరం మీద మార్చి మంచు: 1888 నాటి న్యూయార్క్ తుఫాను

ఉత్తర అమెరికా తూర్పు తీరంలో మార్చి నెల చలికాలానికీ వసంతానికీ నడుమ వచ్చే సంధికాలం. పగలు పెరిగి రాత్రితో సమానం కావస్తుంది, నేల మీది మంచు కరిగి వాగుల్లో చేరుతుంది, చెట్లు చిగురుకు సిద్ధపడతాయి. అయినా ఆ తీరపు జనుల నోట తరతరాలుగా నిలిచిపోయిన మహా హిమపాతం నడిచలికాలంలో కాక సరిగ్గా ఈ సంధికాలంలోనే, 1888 మార్చి 11 మొదలు 14 వరకు సంభవించింది. దక్షిణాన చెసపీక్ అఖాతం నుంచి ఉత్తరాన మేన్ రాష్ట్రం వరకు విస్తరించిన ఆ తుఫానులో నాలుగు వందల మందికి పైగా మరణించారని, వారిలో సుమారు రెండు వందల మంది న్యూయార్క్ నగరంలోనే ప్రాణాలు కోల్పోయారని చరిత్రకారుల అంచనా. ఈ తుఫానే న్యూయార్క్ వీధుల మీది తీగలను నేల కిందికి పంపిందనీ, ఈ తుఫానే ఆ నగరానికి భూగర్భ రైలును ప్రసాదించిందనీ ఒక మాట విస్తారంగా ప్రచారంలో ఉంది. అయితే ఆ కాలపు చట్టాలను, నగరపాలక ప్రతిపాదనలను తేదీల వరుసలో పెట్టి చూసినప్పుడు ఆ రెండు ఆలోచనలూ తుఫానుకు ముందే పుట్టి, ఒకటి చట్టమై, మరొకటి ప్రతిపాదనగా నిలిచి, అమలుకు నోచుకోకుండా ఉన్నాయని స్పష్టమవుతుంది. ఆ సంగతిని పక్కన పెట్టి ప్రకృతి ఒక్కటే దోషి అన్నట్లు చెప్పే కథనం మృతులకు న్యాయం చేయదు.

ముందుగా ఇటువంటి తుఫాను ఎలా పుడుతుందో తెలుసుకోవడం అవసరం. బంగాళాఖాతంలో ఏర్పడే తుఫానుకు బలం వెచ్చని సముద్రజలం నుంచి లేచే ఆవిరి ద్వారా అందుతుంది. అట్లాంటిక్ తీరంలో చలికాలపు చివరన వచ్చే తుఫానుకు ప్రధాన బలం ఒకదాని పక్కన ఒకటి చేరిన శీతల, ఉష్ణ వాయురాశుల మధ్యనున్న వ్యత్యాసం నుంచి లభిస్తుంది. మార్చిలో కెనడా మీద ఇంకా ధ్రువప్రాంతపు చలిగాలి నిలిచి ఉంటుంది. దక్షిణాన మెక్సికో సింధుశాఖ మీద, తీరం వెంట ఉత్తరానికి సాగే గల్ఫ్ స్ట్రీమ్ అనే వెచ్చని సముద్రప్రవాహం మీద తేమతో నిండిన గాలి అప్పటికే వేడెక్కుతుంది. ఈ రెండూ తీరరేఖ దగ్గర ఎదురుపడినప్పుడు అల్పపీడనం ఏర్పడి వేగంగా బలపడుతుంది. ఉత్తరార్ధగోళంలో అల్పపీడనం చుట్టూ గాలులు గడియారపు ముళ్లకు ఎదురుదిశలో తిరుగుతాయి కనుక, సముద్రం మీది ఆ కేంద్రం తీరం వెంట ఉత్తరానికి కదులుతున్నంతసేపూ నేల మీద ఉన్నవారికి గాలి ఈశాన్యం నుంచి వీచినట్లు అనుభవమవుతుంది. అందువల్లనే అక్కడి నావికులు దీనిని నార్ ఈస్టర్ అని పిలిచారు. బ్లిజార్డ్ అన్న పేరుకు ఇప్పటి అమెరికా వాతావరణశాఖ ఇచ్చే లక్షణం వేరు: గంటకు 35 మైళ్లు, అంటే సుమారు 56 కిలోమీటర్లు, అంతకు మించిన వేగంతో గాలి వీస్తూ, ఎగిరే మంచు వల్ల పావు మైలుకు మించి చూపు ఆనని స్థితి కనీసం మూడు గంటలు కొనసాగాలి. 1888 మార్చిలో వచ్చింది ఈ రెండు పేర్లకూ తగినదే.

వసంతపు తుఫానుల్లో పడే మంచుకు మరొక ప్రత్యేకత ఉంది. గాలి బాగా చల్లగా ఉన్నప్పుడు రాలే మంచు పొడిగా, తేలికగా ఉండి గాలికి కొట్టుకుపోతుంది. ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల సెల్సియస్‌కు అటూ ఇటూ ఊగిసలాడేటప్పుడు రాలే మంచు సగం కరిగిన నీటిని తనలో పట్టుకుని, తాకిన ప్రతిదానికీ అంటుకుంటుంది. పొడి మంచు పది అంగుళాలు కరిగితే సుమారు ఒక అంగుళం నీరు వస్తుందని లెక్క; తడి మంచులో అదే అంగుళం నీటికి ఐదారు అంగుళాల మంచు చాలు. ఒక అంగుళం నీటికి సమానమైన మంచు చదరపు మీటరు చోటున పాతిక కిలోల బరువు వేస్తుంది. ఇళ్ల కప్పులకూ, చెట్ల కొమ్మలకూ, అన్నిటికంటే ముఖ్యంగా స్తంభాల మధ్య వేలాడే తీగలకూ ఈ బరువు ప్రాణాంతకమవుతుంది. దానికి పెనుగాలి తోడైతే తీగ తెగడమో, స్తంభం విరగడమో, కొన్నిసార్లు రెండూ ఒకేసారి జరగడమో తప్పదు.

1888 నాటి న్యూయార్క్ అటువంటి తీగల నగరం. టెలిగ్రాఫ్ కంపెనీలు, వాటి తరువాత టెలిఫోన్ కంపెనీలు, షేర్ల ధరలను దలాలీ కచేరీలకు చేరవేసే సంస్థలు, అగ్నిమాపక హెచ్చరిక వ్యవస్థ, 1880 నుంచి బ్రాడ్వే మీద వెలుగుతున్న ఆర్క్ దీపాల కంపెనీలు, అందరూ ఎవరి తీగ వారు, ఎవరి స్తంభం వారు వీధుల్లో నిలిపారు. వెస్ట్ స్ట్రీట్ వెంట నాటిన టెలిఫోన్ స్తంభాలు నేల నుంచి 90 అడుగుల ఎత్తున్న దేవదారు మాన్లు. ఒక్కొక్కదానికి ముప్ఫై అడ్డకర్రలు, వాటి మీద మూడు వందల తీగలు ఉండేవి. కంపెనీ మూతపడినా దాని తీగలను దించే నాథుడు లేకపోవడంతో ప్రాణమున్న తీగలూ చచ్చిన తీగలూ ఒకదానితో ఒకటి ఒరుసుకుంటూ వేలాడేవి. ఆర్క్ దీపాల తీగల్లో ప్రవహించేది ఎక్కువ వోల్టేజి కరెంటు కనుక, దానికి తగిలిన ఏ మామూలు టెలిగ్రాఫ్ తీగ అయినా మృత్యువాహకమయ్యేది.

రాకపోకల సంగతి కూడా ఇలాగే నేల మీదా, నేలకు పైనా మాత్రమే నడిచేది. మాన్‌హట్టన్ దీవి పొడవునా రెండవ, మూడవ, ఆరవ, తొమ్మిదవ అవెన్యూల మీద ఇనుప స్తంభాలపై వేసిన పట్టాల మీదుగా ఆవిరి ఇంజన్లు లాగే ఎలివేటెడ్ రైళ్లు తిరిగేవి. వాటి కింద వీధుల్లో గుర్రపు ట్రాములు నడిచేవి. ఈస్ట్ నది అవతలి బ్రూక్లిన్ అప్పటికి వేరే నగరం. రెండింటినీ కలిపే వంతెన 1883 మేలో తెరుచుకుంది. రోజువారీ పాలు, మాంసం, బొగ్గు రైళ్ల మీదా పడవల మీదా వచ్చేవి. కూలి కుటుంబాలు బొగ్గును బస్తాల లెక్కన నిల్వ చేసుకునే స్తోమత లేక రోజుకు ఒక బాల్చీ చొప్పున కొనుక్కునేవి. తుఫాను ఎవరిని ఎక్కువ బాధించిందో అర్థం కావాలంటే ఈ చివరి వివరాన్ని గుర్తుంచుకోవాలి.

మార్చి 10 శనివారం వాతావరణం హాయిగా, వెచ్చగా ఉంది. ఆనాటి అమెరికాలో వాతావరణ సూచనల బాధ్యత సైన్యానికి చెందిన సిగ్నల్ సర్వీసుది. 1870లో ఏర్పడిన ఈ విభాగానికి 1888లో అధిపతి అడాల్ఫస్ గ్రీలీ, ఆర్కిటిక్ యాత్రలో ఆకలిచావు అంచు నుంచి బయటపడిన సైనికాధికారి. వేర్వేరు ఊళ్లలోని పరిశీలకులు ఒకే వేళకు తీసిన వాయుపీడన, ఉష్ణోగ్రతల వివరాలను టెలిగ్రాఫ్ ద్వారా వాషింగ్టన్‌కు పంపితే అక్కడి అధికారులు పటం మీద గుర్తించి సూచన తయారుచేసేవారు. న్యూయార్క్ ప్రాంతానికి వారు ఇచ్చిన సూచన వాన పడి, ఆపై చలి పెరిగి ఆకాశం తేటపడుతుందని మాత్రమే. ఆదివారం సబ్బాతు విశ్రాంతిదినం కావడంతో న్యూయార్క్ కచేరీ శనివారం అర్ధరాత్రి మూతపడి ఆదివారం సాయంత్రం వరకు తెరుచుకోలేదు. సముద్రం మీద ఉన్న ఓడల నుంచి సమాచారం అందే మార్గమే ఆ కాలంలో లేదు; నిస్తంత్రీ ప్రసారానికి ఇంకా ఏళ్లు పట్టాలి. ఆదివారం సాయంత్రానికి వాషింగ్టన్ చుట్టూ తడి మంచు, గాలి కలిసి టెలిగ్రాఫ్ తీగలను తెంపేయడంతో సూచనలు ఇవ్వవలసిన కేంద్రానికే బయటి లోకంతో సంబంధం పోయింది. తుఫాను వేసిన మొదటి దెబ్బ తన రాకను ప్రకటించగల సాధనం మీదనే పడింది.

ఆదివారం పొద్దంతా న్యూయార్క్‌లో జోరువాన కురిసింది. అర్ధరాత్రి దాటేసరికి గాలి వాయవ్యానికి తిరిగింది, వాన మంచుగా మారింది, తీగల మీద నిలిచిన తడి అంతా గడ్డకట్టింది. సోమవారం తెల్లవారేసరికి వీధులు పోల్చుకోలేని స్థితిలో ఉన్నా, అత్యధికులు పనికి బయలుదేరారు. ఆ నిర్ణయాన్ని అవివేకంగా కొట్టిపారేసే రచనలు కొన్ని ఉన్నాయి కానీ, రోజు మానితే కూలి పోయేది, రెండు రోజులు మానితే ఉద్యోగమే పోయేది. ఆ భయమే దుకాణాల్లో పనిచేసే ఆడపిల్లలను, ముద్రణాలయాల కార్మికులను, గుమాస్తాలను గంటకు నలభై యాభై మైళ్ల గాలిలోకి నడిపించింది. ఎలివేటెడ్ రైళ్లు పట్టాల మీద మంచు గడ్డకట్టి ఎక్కడివక్కడ ఆగిపోయాయి, వాటిలో చిక్కుకున్నవారు సుమారు పదిహేను వేల మంది. మూడవ అవెన్యూ మార్గంలో ఒక రైలు ముందు ఆగివున్న రైలును ఢీకొనగా ఇంజన్ డ్రైవరు మరణించాడు. వీధిలోని కొందరు నిచ్చెనలు తెచ్చి, పైన ఉన్నవారిని దించడానికి తలకింత అని వసూలు చేశారు. గుర్రపు ట్రాములను తోలేవారు గుర్రాలను విప్పుకుని బండ్లను దారిలోనే వదిలేశారు. షేర్ మార్కెట్‌కు పదకొండు వందల సభ్యుల్లో ముప్ఫై మంది చేరుకోవడమే గగనమై, మధ్యాహ్నానికి లావాదేవీలు ఆపేశారు.

ఆ సోమవారపు నడకల్లో బాగా చెప్పుకున్నది రాస్కో కాంక్లింగ్‌ది. న్యూయార్క్ రాష్ట్రం తరఫున సెనేటరుగా దేశరాజకీయాలను శాసించి, ఆ తరువాత న్యాయవాదిగా స్థిరపడిన ఈ 58 ఏళ్ల మనిషి సాయంత్రం వాల్ స్ట్రీట్‌లోని తన కచేరీ నుంచి బయటికి వచ్చినప్పుడు ఒక గుర్రపుబండి తోలేవాడు యాభై డాలర్లు అడిగాడు. అది దోపిడీ అని తలచి కాంక్లింగ్ నడక మొదలుపెట్టాడు. కళ్లు మూసుకుపోయే మంచులో, ఛాతీ దాకా వచ్చే దిబ్బల్లో మూడు గంటలు పోరాడి, యూనియన్ స్క్వేర్ దగ్గర కూరుకుపోయి, ఎలాగో లేచి, మాడిసన్ స్క్వేర్ దగ్గరి తన క్లబ్బు గుమ్మంలో కుప్పకూలాడు. ఆపై జబ్బుపడి ఏప్రిల్ 18న మరణించాడు. పేరున్నవాడు కనుక ఆయన నడక అడుగడుగూ పత్రికలకు ఎక్కింది. అదే రాత్రి అద్దె గదుల మెట్ల దగ్గరా, కర్మాగారాల ప్రహరీల పక్కనా మంచు కప్పేసిన కూలీల పేర్లు అనేకం మరణాల పట్టీల్లో ఒక్క వాక్యంగా మిగిలాయి.

మంగళవారం చలి మరింత బిగిసి, ఉష్ణోగ్రత పది డిగ్రీల ఫారెన్‌హీట్ లోపలికి, అంటే సున్నాకు 12 సెల్సియస్ డిగ్రీలకు పైగా దిగువకు పడిపోయింది. నదిలో కొట్టుకొచ్చిన మంచు ఫలకాలు మాన్‌హట్టన్, బ్రూక్లిన్‌ల మధ్య గడ్డకట్టుకుని బిగుసుకోగా వేలమంది ఈస్ట్ నదిని కాలినడకన దాటారు. ఆటుపోట్లు మారి ఫలకాలు విడిపోయినప్పుడు వాటి మీద చిక్కిన కొందరిని పడవలవాళ్లు కాపాడారు. ఇంత పెద్ద నగరం నుంచి మూడు వందల కిలోమీటర్ల దూరంలోని బోస్టన్‌కు నేరుగా వార్త పంపే దారి లేకపోయింది. సముద్రగర్భంలో వేసిన అట్లాంటిక్ కేబుల్ చెక్కుచెదరలేదు కనుక న్యూయార్క్ నుంచి బోస్టన్‌కు పంపవలసిన సందేశాలు ముందు లండన్‌కు వెళ్లి, అక్కడి నుంచి మహాసముద్రాన్ని మళ్లీ దాటి బోస్టన్ చేరాయి. పైన వేలాడిన తీగలన్నీ నేలకూలగా, దాచిన తీగ ఒక్కటి పనిచేసింది. తీగలను ఎక్కడ ఉంచాలన్న వివాదానికి ఇంతకంటే బలమైన రుజువు మరొకటి అక్కరలేదు.

న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో కొలిచిన మంచు 21 అంగుళాలు. ఈ లెక్క 1947 డిసెంబరు వరకు ఆ నగరానికి రికార్డుగా నిలిచింది. న్యూయార్క్ నగరమే కథకు కేంద్రమైనా మంచు మరీ ఎక్కువగా పడింది అక్కడ కాదు: కనెక్టికట్‌లోని న్యూ హేవెన్‌లో సుమారు 45, ఆల్బనీలో 47, సరటోగా స్ప్రింగ్స్‌లో 58 అంగుళాలు పడింది. తుఫాను తీరం వెంట ఉత్తరానికి సాగిపోకుండా న్యూ ఇంగ్లండ్ దక్షిణతీరం దగ్గర రెండు రోజులు తచ్చాడటమే దీనికి కారణం. అదే సమయంలో తుఫాను కేంద్రానికి తూర్పున వెచ్చని గాలి ఉన్న బోస్టన్‌లో పడింది వానతో కలిసిన తడి మంచు, అదీ ఒక అడుగు దరిదాపుల్లో మాత్రమే.

సముద్రం మీద జరిగిన నష్టానికి నేల మీది వృత్తాంతాల్లో దొరికే చోటు తక్కువ. రేవుల్లో, తీరజలాల్లో సుమారు రెండు వందల పడవలు, ఓడలు ధ్వంసమయ్యాయి. కనీసం వంద మంది నావికులు మరణించారు. డెలావేర్ అఖాతపు ముఖద్వారంలో అలల నుంచి రక్షణకు కట్టిన గోడ వెనుక తలదాచుకున్న ఓడలు కూడా, గాలి దిశ మారడంతో ఒకదాన్నొకటి గుద్దుకుని విరిగిపోయాయి. న్యూయార్క్ రేవు పైలట్లకు ఇది మరువరాని ఆపద. పైలట్ అంటే రేవు లోతులూ ఇసుకమేటలూ ఎరిగి, బయటి నుంచి వచ్చే ఓడ ఎక్కి దాన్ని లోపలికి దారి చూపి తెచ్చే నావికుడు. ఆ పనిని దక్కించుకోవడానికి వారు చిన్న తెరచాప పడవల్లో వందల మైళ్లు సముద్రంలోకి ఎదురువెళ్లేవారు. చార్లెస్ హెచ్. మార్షల్ అనే పైలట్ పడవ గాలికి ఎదురుగా నిలదొక్కుకోవడానికి నీటిలో లంగరులా ఈడ్చుకుపోయే అడ్డుకట్టను వేసి, నూనె నింపిన సంచులను పక్కల వేలాడదీసి, ఆ నూనె పరుచుకుని అలల కొసలు విరగకుండా చేయడం వల్ల బయటపడింది. డెలావేర్ తీరం దగ్గర నావికులు విడిచిపెట్టిన డబ్ల్యు. ఎల్. వైట్ అనే కలప స్కూనర్, అంటే రెండు మూడు కొయ్యల తెరచాపల ఓడ, మనిషి లేకుండానే పది నెలలకు పైగా అట్లాంటిక్‌లో కొట్టుకుపోతూ, ఐదు వేల మైళ్లకు మించి ప్రయాణించి, 1889 జనవరిలో స్కాట్లండ్ పడమటి దీవుల దగ్గర ఒడ్డుకు చేరింది. దారిలో దాన్ని చూసిన ఓడలు నలభై ఐదు సార్లు సమాచారమిచ్చాయి.

ఈ సమాచారాలన్నిటినీ సేకరించినవాడు అమెరికా నౌకాదళపు హైడ్రోగ్రాఫిక్ కచేరీ అధికారి ఎవరెట్ హేడెన్. ఆ కచేరీ పని సముద్రమార్గాల పటాలను సిద్ధం చేయడం. హేడెన్ తుఫాను నుంచి బయటపడిన ఓడల దినచర్య పుస్తకాలను తెప్పించి, ఏ గంటకు ఏ ఓడ ఎక్కడ ఉన్నదీ, దాని భారమితి ఎంత చూపినదీ గుర్తించి, నేల మీది పరిశీలకులు కొలిచిన తుఫాను పడమటి సగంతో, వారెవరూ చూడలేని తూర్పు సగాన్ని కలిపి ఒక్క పటంగా కూర్చాడు. ఆయన వ్యాసమూ, గ్రీలీ రాసిన భాగమూ అదే ఏడాది పుట్టిన నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక మొట్టమొదటి సంచికలో వెలువడ్డాయి. 1888 తుఫాను మిగిల్చిన వాటిలో శాస్త్రానికి నికరంగా దక్కినది ఇదే అనాలి. వాతావరణ సూచనల బాధ్యత సైన్యం చేతిలో ఉండటం మీద విమర్శలు అప్పటికే ఉన్నాయి. ఆ ఏడాది జనవరి 12న నెబ్రాస్కా, డకోటా మైదానాల్లో బడి నుంచి ఇళ్లకు బయలుదేరిన పిల్లలు సహా రెండు వందల మందికి పైగా మంచు తుఫానులో చనిపోవడంతో అవి తీవ్రమయ్యాయి. చివరికి 1890లో చట్టం చేసి, మరుసటి ఏడు జులై నుంచి ఆ విభాగాన్ని వ్యవసాయశాఖ కింద పౌరసంస్థగా మార్చారు. తెలుగు తీరపు చరిత్రలోనూ ఇటువంటి సంబంధం ఉంది: 1864 అక్టోబరులో కలకత్తాను, నవంబరు 1న మచిలీపట్నాన్ని ముంచిన ఉప్పెనలు, ఆపై వచ్చిన కరవులు కలిసి 1875లో భారత వాతావరణశాఖ ఏర్పాటుకు దారితీశాయి. మచిలీపట్నంలో ఆ ఒక్క రాత్రి ముప్ఫై వేల మంది చనిపోయారు.

ఇక తీగల విషయం. ఐదు లక్షలకు మించిన జనాభా ఉన్న నగరాల్లో టెలిగ్రాఫ్, టెలిఫోన్, విద్యుద్దీపాల తీగలన్నిటినీ 1885 నవంబరు 1 నాటికి నేల కిందికి చేర్చాలని న్యూయార్క్ రాష్ట్ర శాసనసభ 1884లోనే చట్టం చేసింది. థామస్ ఎడిసన్ 1882 సెప్టెంబరులో పెర్ల్ స్ట్రీట్ విద్యుత్కేంద్రాన్ని ప్రారంభించినప్పుడే తన తీగలను వీధుల కింద పాతి అది సాధ్యమని నిరూపించాడు. అయినా మిగతా కంపెనీలు ఖర్చును సాకుగా చూపి, న్యాయస్థానాలను ఆశ్రయించి, గడువును దాటించాయి. 1885లో ఒక కమిషన్, 1887లో దాని స్థానంలో మరొక బోర్డు ఏర్పడ్డాయి, కొన్ని వీధుల్లో తీగలు దూర్చే గొట్టాలు వేశారు, స్తంభాలు మాత్రం నిలిచే ఉన్నాయి. కనుక 1888 మార్చి 12న కూలిన స్తంభాల్లో అత్యధికం చట్టప్రకారం దాదాపు రెండున్నరేళ్ల ముందే తొలగిపోయి ఉండవలసినవి.

తుఫాను తరువాత కూడా పని వెంటనే పూర్తికాలేదన్నది మరింత బాధాకరమైన సత్యం. ఏప్రిల్‌లో ఒక వీధిలో వేలాడుతున్న తీగను ఆటగా పట్టుకున్న బాలుడు అక్కడికక్కడే చనిపోయాడు. 1889 అక్టోబరు 11న జాన్ ఫీక్స్ అనే లైన్‌మన్ నగరసభా భవనానికి దగ్గరలో స్తంభమెక్కి పనిచేస్తుండగా కరెంటు తగిలి తీగల మధ్యనే ప్రాణం విడిచాడు. మధ్యాహ్న భోజనానికి బయటికి వచ్చిన జనమంతా చూస్తుండగా ఆ దేహం చాలాసేపు పైనే ఉండిపోయింది. అప్పుడు మేయర్ హ్యూ గ్రాంట్ ప్రమాదకరమైన తీగలను నరికేయమని ఆజ్ఞాపించగా, కంపెనీలు న్యాయస్థానం నుంచి నిలుపుదల ఉత్తర్వు తెచ్చుకున్నాయి. డిసెంబరులో అది తొలగిన తరువాతనే గొడ్డళ్లతో స్తంభాలు నరకడం మొదలైంది. రెండు వందల మందిని చంపిన తుఫాను చేయలేని పనిని నగరం నడిబొడ్డున నలుగురి కళ్లెదుట జరిగిన ఒక కార్మికుడి చావు చేయించింది.

భూగర్భ రైలు చరిత్ర ఇంకా నిదానంగా నడిచింది. లండన్‌లో అటువంటి రైలు 1863 నుంచి ఉంది. న్యూయార్క్ మేయర్ ఏబ్రమ్ హెవిట్ తుఫానుకు ఆరు వారాల ముందు, 1888 జనవరి 31న, నగరపాలక సభకు ఒక సందేశం పంపాడు: రైలు మార్గాన్ని నగరం తన పరపతితో అప్పు తెచ్చి కట్టించాలి, దాన్ని కౌలుకు తీసుకున్న ప్రైవేటు సంస్థ నడపాలి, కౌలు సొమ్ముతో అప్పు తీరాలి, చివరికి ఆస్తి ప్రజలకే మిగలాలి. ఇనుము కర్మాగారాల యజమాని అయిన హెవిట్ ఖర్చుల లెక్క తెలిసిన మనిషి. సభ ఆ సందేశాన్ని పట్టించుకోలేదు. మార్చి తుఫాను ఎలివేటెడ్ రైళ్లను గాల్లో ఆపేసినప్పుడు పత్రికలు ఆ ప్రతిపాదనను గుర్తుచేశాయి. కానీ అదే మార్చి నెలలో సెయింట్ పాట్రిక్ పండుగకు నగరసభా భవనం మీద ఐరిష్ జెండా ఎగరవేయడానికి నిరాకరించి ఐరిష్ ఓటర్లకు దూరమైన హెవిట్ నవంబరు ఎన్నికల్లో ఓడిపోయాడు. ఈలోగా బోస్టన్ 1897లో తన ట్రాములను నేల కిందికి దింపి అమెరికాలో మొదటి భూగర్భ మార్గాన్ని తెరిచింది. న్యూయార్క్‌లో 1894 నాటి చట్టం, ప్రజాభిప్రాయ ఓటింగు హెవిట్ పథకాన్నే దాదాపుగా ఆమోదించగా, 1900 మార్చిలో తవ్వకం మొదలై, 1904 అక్టోబరు 27న మొదటి రైలు కదిలింది. హెవిట్ అంతకు ఏడాదిన్నరకు పైగా ముందే మరణించాడు. తుఫానుకూ తొలి రైలుకూ మధ్య పదహారేళ్లు గడిచాయి. వాటిని విడిచిపెట్టి, మంచు పడింది కనుక సొరంగం తవ్వారని చెప్పడం ఓపికగా కొట్లాడినవారి శ్రమను చెరిపేయడమే.

తీగల విషయంలో ఆంధ్ర తీరానికి న్యూయార్క్ అనుభవం పరాయిది కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నంలో వేల సంఖ్యలో విద్యుత్ స్తంభాలను పడగొట్టిన తరువాతనే ప్రపంచబ్యాంకు రుణసాయంతో ఆ నగరంలో భూగర్భ కేబుళ్లు వేయడం మొదలైంది. అటు అమెరికాలో తెలుగు కుటుంబాలు ఎక్కువగా స్థిరపడిన న్యూజెర్సీ పట్టణాల్లో ఇప్పటికీ చాలా వీధుల్లో తీగలు స్తంభాల మీదనే ఉన్నాయి. 2018 మార్చి మొదటివారంలో వెంటవెంటనే వచ్చిన రెండు తుఫానుల్లో తడి మంచు బరువుకు చెట్లు తీగల మీద పడి లక్షల ఇళ్లు చలిలో, చీకటిలో ఉండిపోయాయి.

ఆ 1888 తుఫాను గురించి ఇంత వివరంగా చెప్పగలగడానికి రాసిపెట్టినవారు ఉండటమే కారణం. అప్పుడు న్యూయార్క్‌లో ప్రవాసంలో ఉన్న క్యూబా కవి హోసే మార్తీ మంచులో మునిగిన నగరాన్ని వర్ణిస్తూ బ్యూనస్ ఎయిర్స్‌లోని ఒక దినపత్రికకు వ్యాసం పంపాడు. హేడెన్ ఓడల పుస్తకాలను భద్రపరిచాడు. 1929లో తుఫానును చూసినవారు ఒక సంఘంగా ఏర్పడి ఏటా మార్చి 12న కలుసుకుంటూ, ఎవరి జ్ఞాపకం వారిచేత రాయించారు. ఆ జ్ఞాపకాలు తుఫానుకు యాభై ఏళ్లు నిండిన 1938లో పుస్తకంగా వెలువడ్డాయి. పత్రికల్లో ఒక్క వాక్యానికి మించి చోటు దొరకని బడిపిల్లలు, గుమాస్తాలు, పాలు పోసేవారు ఆ పుస్తకంలో తమ మాటల్లో కనిపిస్తారు. ఇటువంటి పని తెలుగు తీరంలోనూ జరగాలి. పదివేల మందికి పైగా పొట్టన పెట్టుకున్న దివిసీమ ఉప్పెనకు 2027 నవంబరు 19 నాటికి యాభై ఏళ్లు నిండుతాయి. ఆ రాత్రి చెట్లు పట్టుకుని బతికినవారు, మరునాడు శవాలను మోసినవారు, సహాయశిబిరాల్లో వండిపెట్టినవారు నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ ప్రాంతాల్లో ఇంకా ఉన్నారు, కానీ ఏటికేడు తగ్గిపోతున్నారు. కళాశాలల చరిత్రశాఖలు, గ్రంథాలయ సంఘాలు, ఆ ఊళ్లలో పుట్టి చదువుకున్నవారు ఇప్పుడే పూనుకుని, ఊరి పేరు, మనిషి పేరు, చెప్పిన తేదీతో సహా వారి మాటలను రాయించి భద్రపరచాలి.